మెట్ల కింద ఖాళీ

హాస్టలు, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం

మామయ్యకు నమస్కారాలు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అత్తయ్య అడుగుతారు. ఫోనులో ముందు మీ అబ్బాయి, తర్వాత అత్తయ్య మాట్లాడతారు. మీ వంతు వచ్చేసరికి "తిన్నావా అమ్మా, సరే పడుకో" దగ్గరే ఆగిపోతుంది. ఆ నాలుగు మాటలు నాకు చాలడం లేదు. అందుకని కాగితాలు కొనుక్కున్నాను.

ఇక్కడ పని మొదలైంది. ప్రయోగశాలలకు గాజు గొట్టాలు, బుడ్లు చేసే వర్క్‌షాపు ఇది. పొడుగాటి గదిలో వరసగా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక మంట. గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ మంటలో తిప్పుతూ ఉండాలి. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. ఒకటి తొందరపడితే గాజు మెలిపడిపోతుంది. మా మాస్టారు పెద్దగా మాట్లాడరు. బాగా చేస్తే ఏమీ అనరు, పాడుచేస్తే ఆ ముక్క తీసి రేకు డబ్బాలో పడేస్తారు. వచ్చినప్పటి నుంచీ నా చెవుల నిండా ఆ డబ్బా చప్పుడే.

పెళ్ళయిన పిల్ల ఏడాదిపాటు ఇల్లు విడిచి గాజు ఊదడమేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నప్పుడు మీరన్న మాట తలుచుకుని ఇక్కడ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటాను. "మీరందరూ పొద్దస్తమానం ఊదరగొడుతున్నారు కదా, మా కోడలు కాస్త గాజు ఊదితే తప్పేమిటి?" అన్నారు. 

మీ ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు కూడా గుర్తొస్తోంది. మీరు అమ్మకానికి పెట్టిన ఎర్ర రోడ్ బైకు, ఆ వంగి తొక్కే రేసు సైకిలు కోసం వచ్చాను. మీరు నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఇది నీకు పెద్దదమ్మా, ఇవ్వను అన్నారు. అత్తయ్యను పిలిచి టేపుతో నా కాలి పొడవు, చేతి పొడవు తీయించారు. నాకు సరిపోయేది దొరికేదాకా నెలల తరబడి ఊరంతా గాలించారు. పిన్ని ఇంట్లో అక్కల పాత బట్టలు, పాత చెప్పులు తొడుక్కుని పెరిగినదాన్ని. నాకోసమని కొలత తీసినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు మామయ్యా. (ఆ నెలల్లో మీ అబ్బాయి నాకు టీ పెట్టడం నేర్చుకున్నాడు. అది వేరే కథ.)

ఇంతకీ ఈమధ్య ఏ బండి కొన్నారు, ఏది అమ్మారు? మెట్ల కింద ఇప్పుడు ఏది ఉంది?

మీ కోడలు

*

ఇల్లు, వరండా బల్ల దగ్గర

అమ్మాయీ,

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నీ ఉత్తరం మీ అత్తయ్య నాకంటే ముందే చదివేసి, "మీకొక్కరికే రాసిందేం?" అని మూతి ముడుచుకుంది. మళ్ళీ తనే దాన్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టింది.

నీకు ఎర్ర బండి ఇవ్వకపోవడంలో నా గొప్పేమీ లేదు. బతుకంతా కట్టుడు పళ్ళు చేసినవాణ్ణి. ఒకరి నోటికి చేసినది ఇంకొకరి నోట్లో పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. బండీ అంతే.

నీలం బండి అమ్మేశాను. కొన్నావిడ సంగీతం టీచరు. గేటు దగ్గర నిలబడి, వంగి తొక్కే సైకిలు ఎప్పుడూ ఎక్కలేదండీ అని సంకోచించింది. ముందు సీటు దించి, వీధి చివరిదాకా నెమ్మదిగా వెళ్ళి రమ్మన్నాను. వీధి చివర ఆగకుండా మలుపు తిరిగి వెళ్ళిపోయింది. మీ అత్తయ్య గుమ్మంలోంచి చూసి, బండి పోయినట్టే అంది. తిరిగొచ్చేసరికి ఆవిడ జడ ఊడిపోయి, మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నారని అడిగింది. ఇంకొకటి చూశానులెండి అన్నాను. నేను ఎప్పుడూ చెప్పే జవాబే కదా.

మీ అత్తయ్య పక్కింటావిడతో, "మా ఆయన సైకిళ్ళు కొనరండీ, సంబంధాలు చూస్తారు. తెచ్చిన పిల్ల తెచ్చినట్టే అత్తారింటికి పోతుంది" అని చెప్పిందట. నేను వినలేదనుకుంది.

మెట్ల కింద నీకు తెలిసిన బూడిద రంగు బండి ఒక్కటే ఉంది. డబ్బా చప్పుడు గురించి దిగులు పెట్టుకోకు. వేళకు తిను.

మామయ్య

*

హాస్టలు

మామయ్యకు,

సంగీతం టీచరు జడ సంగతి మా గదిలో చదివి వినిపించాను. నా పక్క మంచం పిల్ల పడీ పడీ నవ్వింది. ఈ పిల్లను అందరూ నిచ్చెన అంటారు, తనూ పలుకుతుంది. పై అరలో గాజు సామాను ఏది కావాలన్నా స్టూలు లేకుండా అందిస్తుంది. గుమ్మం పైకమ్మీ తలకు తగలకుండా ప్రతి గదిలోకీ దణ్ణం పెడుతున్నట్టు వంగి వెళుతుంది. మంచం చాలక కాళ్ళ దగ్గర ట్రంకుపెట్టె వేసుకుని పడుకుంటుంది.

పని బాగా సాగుతోంది. కొత్తగా ఒక సంగతి నేర్చుకున్నాను. చేసిన గాజును వెంటనే చల్లార్చకూడదట. వేడి పెట్టెలో ఉంచి, ఆ వేడిని నెమ్మదిగా తగ్గించాలి. లేకపోతే పైకి నిక్షేపంలా ఉండి, నాలుగు రోజుల తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే టప్పున పగులుతుంది.

నీలం పోయింది సరే, దాని చోట ఏమొచ్చింది? "ఇంకొకటి చూశాను" అన్నారుగా. రంగు, వయసు, ముందు యజమాని గుణగణాలు వివరంగా రాయండి. మీ అబ్బాయిని అడిగితే, "అన్నీ ఒకేలా ఉంటాయి, రెండు చక్రాలుంటాయి" అన్నాడు.

మీ కోడలు

*

ఇల్లు

అమ్మాయీ,

ఉత్తరం ఆలస్యమైంది. వానలు పట్టుకున్నాయి, కాలు బయట పెట్టడం తగ్గింది.

బూడిద రంగుది కూడా అమ్మేశాను. బస్సు డ్రైవరు ఒకాయన, ఆయన భార్య వచ్చారు. రోజంతా అంత పెద్ద స్టీరింగు తిప్పేవాడికి ఈ పుల్లలాంటి హ్యాండిలు పట్టుకోగానే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. భార్య చప్పట్లు కొట్టి నవ్వింది. కానీ కాసేపట్లోనే దారికొచ్చాడు. తీసుకెళ్ళేటప్పుడు బండిని భుజానికెత్తుకున్నాడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. మంచి చేతుల్లో పడింది.

మెట్ల కింద ఖాళీ అయిందని మీ అత్తయ్య కుట్టు మిషను అక్కడికి మార్చుకుంది. దానికీ వెలుతురు కావాలి కదా. నాకు వయసు ఎటూ వచ్చింది, బుద్ధి కూడా రావద్దా?

నీ స్నేహితురాలికి నా ఆశీస్సులు. గుమ్మాల పైకమ్మీలతో జాగ్రత్త అని చెప్పు.

మామయ్య

*

హాస్టలు

మామయ్యా,

మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నీలం అమ్మారు, బూడిద రంగుది అమ్మారు. ఒక్కటీ కొనలేదు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ పొద్దున ఒకటి వెళితే, సాయంత్రానికి ఇంకొకటి గోడకు ఆని ఉండేది. ఎవరైనా కొనడం మానేసి అమ్మడం మాత్రమే చేస్తుంటే, దుకాణం ఎత్తేస్తున్నాడని అర్థం. పైగా మెట్ల కింద చీకటిగా ఉంటుంది, మిషనుకు అక్కడ వెలుతురెక్కడిది? ఏం జరిగింది?

మీరే ముందు చెప్పాలని పట్టుబట్టను. నాది నేను చెబుతాను. పని బాగా సాగుతోందని రాసింది అబద్ధం. మంట దగ్గరకు వెళ్ళగానే నా కుడి చెయ్యి వణుకుతోంది. రెండు గొట్టాలను అడ్డంగా అతికించడం ఇక్కడ మొదటి మెట్టు. అందరికీ వచ్చింది, నాకు రాలేదు. ఇంకో నెలలో రాకపోతే సామాను ప్యాకింగు గదికి మారమన్నారు మాస్టారు. రెండుసార్లు పెట్టె సర్దుకున్నాను. నాకోసం అంతమందితో వాదించి పంపిన మీకు మొహం ఎలా చూపించాలో తెలియక మళ్ళీ విప్పాను. మీ అబ్బాయికి కూడా ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు మీరు చెప్పండి.

మీ కోడలు

*

ఇల్లు, వరండా. మీ అత్తయ్య బజారుకు వెళ్ళింది

తల్లీ,

చెబుతాను. నువ్వు వెళ్ళగానే నాకు జ్వరం వచ్చి తగ్గింది కదా. తగ్గాక ఒకరోజు పొద్దున్నే బూడిద రంగు బండి తీశాను. బస్సు డిపో దాటి ఎడమవైపు తిరిగే చోట, ఉన్నట్టుండి రోడ్డు పైకి లేచింది. ఏ బండీ గుద్దలేదు, ఏ కుక్కా అడ్డం రాలేదు. కళ్ళు తెరిచేసరికి కింద ఉన్నాను, ఆకాశం గిర్రున తిరుగుతోంది. కళ్ళు మూసుకుంటే నేను తిరుగుతున్నాను. అటుగా ఎవరూ రాలేదు. చాలాసేపటికి లేచి, బండినే ఊతకర్రగా పట్టుకుని గోడవారగా నడుచుకుంటూ ఇంటికొచ్చాను. కాలు జారిందని మీ అత్తయ్యకు చెప్పాను.

డాక్టరు రకరకాల పరీక్షలు చేశాడు. ఎడమ చెవి లోపల, మనిషిని నిలకడగా ఉంచే నరం జ్వరానికి చచ్చుబడిందట. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, కమ్మీ పట్టుకుంటే చాలు. రెండు చక్రాల బండి మాత్రం ఇక ఎక్కకూడదన్నాడు. "ఈ వయసులో రేసు సైకిలెందుకండీ" అని కూడా అన్నాడు. ఫీజు ఇచ్చి వచ్చేశాను.

నీకు చెబితే పెట్టె సర్దుకుని వచ్చేస్తావని భయపడ్డాను. మీ అత్తయ్యకు చెబితే నన్ను వీధి గుమ్మం దాటనివ్వదు. నాకు కూడా నేను చెప్పుకోలేదేమో. అమ్మేస్తే సంగతి దానంతటదే ముగుస్తుందనుకున్నాను.

ఎందుకు ఇన్ని బళ్ళు మారుస్తారని అందరూ అడిగేవారు. ఇంకొకటి చూశానని తప్పించుకునేవాణ్ణి. కొత్త బండెక్కి మొదటి మలుపు తిరిగేటప్పుడు ఒక్క క్షణం దానికి నేను తెలియను, నాకు అది తెలియదు. ఆ క్షణంలో నా వయసు, నా మోకాళ్ళు, ఏవీ గుర్తుండవు. అదీ సంగతి. పెద్ద రహస్యమేమీ కాదు.

ఇక నీ చెయ్యి. నేను చుట్టాలతో వాదించింది నువ్వు నెగ్గాలని కాదు తల్లీ, నీకు నచ్చిన చోటికి వెళ్ళాలని. నువ్వు వెళ్ళావు. నా పని అక్కడితో అయిపోయింది. ఆ గాజు అతుక్కోకపోతే వదిలేయ్. పెట్టె సర్దుకుని, తలెత్తుకుని, మన ఇంటికి రా. రావడానికి నాకోసం ఏ బుడ్డీ చేసి తేనక్కర్లేదు.

మామయ్య

*

హాస్టలు, మెట్ల మీద కూర్చుని

మామయ్యా,

మీ ఉత్తరం మెట్ల మీదే చించి చదివి, అక్కడే కూర్చుని ఏడ్చాను. నిచ్చెన వచ్చి పక్కన కూర్చుంది. ఏడుపులో సగం మీరు ఆ రోడ్డు మీద ఒంటరిగా పడి ఉన్నందుకు. మిగతా సగం ఆ చివరి మాటలకు. ఓడిపోయినా రావొచ్చని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పిన్ని మంచిదే, అన్నం పెట్టింది, చదివించింది. కానీ ఆ ఇంట్లో ప్రతి ముద్దకీ ఏదో ఒకటి చేసి చూపించాలనిపించేది. మీ ఇంట్లో ఏ రోజూ అలా అనిపించలేదు. ఇది మీకు చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఎదురుగా ఉంటే టీ కావాలా అని అడిగేసి లోపలికి వెళ్ళిపోతాను.

మీరు భయపడ్డట్టు పెట్టె సర్దలేదు. మర్నాడు మంట ముందు కూర్చున్నాను. చెయ్యి వణికింది, కానీ వణికితే వణకనీ అనిపించింది. ముక్క డబ్బాలోకే వెళ్ళింది. ఇంకోటి తీసుకున్నాను.

ఇప్పుడు రెండు కోరికలు. మొదటిది, అత్తయ్యకు చెప్పండి. రెండోది, నిచ్చెనకు ఒక రోడ్ బైకు చూడండి. పాపం ఎక్కడ చూసినా దానికి మోకాళ్ళు హ్యాండిలుకు తగిలేవే దొరుకుతున్నాయి. తొక్కకుండా ఎలా ఎంచుతానని మీరంటారు, నాకు తెలుసు. నాకు చూసిన బండి మీరు తొక్కారా? అది మీకు మరీ చిన్నది, ఎక్కడానికే వీల్లేదు. అయినా అది నాకు అచ్చం సరిపోయింది. నిచ్చెన కొలతలు ఈ కాగితం వెనక రాశాను, మాస్టారి స్కేలుతో తీసినవి.

మీ కోడలు

*

ఇల్లు

అమ్మాయీ,

నువ్వు గడుసుదానివి. తొక్కలేదు కదా అన్న ఆ ఒక్క మాటతో నా చేత మళ్ళీ టేపు పట్టించావు.

ముందు మీ అత్తయ్య సంగతి. కూరగాయలు తరుగుతుంటే చెప్పాను. కత్తి ఆగింది. అరుస్తుందనుకున్నాను. "పడ్డప్పుడు ఎవరైనా లేపారా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. మర్నాడు నేను లేచేసరికి కుట్టు మిషను కిటికీ దగ్గరకు తిరిగొచ్చింది. మెట్ల కింద తుడిచి, తడిగుడ్డ పెట్టి ఉంది. 

నీ స్నేహితురాలి కొలతలు చూసి ముందు నువ్వు అంకెలు తప్పు రాశావేమో అనుకున్నాను. వారం రోజులు నలుగురినీ వాకబు చేస్తే వాలీబాల్ కోచ్ ఒకాయన దగ్గర పొడుగు ఫ్రేము ఆకుపచ్చ బండి ఉందని తెలిసింది. ఊరి ఆ చివర. ఒంటరిగా వెళ్ళొద్దని మీ అత్తయ్య మావాణ్ణి వెంట పంపింది. వాడికి సైకిలంటే ఆమడ దూరం, నీకు తెలుసు. వాడి చిన్నతనమంతా నడవాలో బళ్ళు నిలబెట్టి ఉంచేవాణ్ణి. బడికి పరిగెత్తేటప్పుడల్లా పెడళ్ళకు కాళ్ళు కొట్టుకునేవాడు. వాడి కాళ్ళ మీద మచ్చలన్నీ నావే.

ఫ్రేము చూశాను, చువ్వలు మీటి చూశాను, చైను తిప్పి చూశాను. బాగుంది. కానీ బండి నడుస్తుంటే చూడకుండా నీ స్నేహితురాలికి ఎలా పంపను? కోచ్ గారు మోకాలికి కట్టుతో కూర్చున్నారు. నేను సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. మావాడు నా మొహం చూశాడు. వంగి ప్యాంటు మడిచాడు.

"గేర్లు ఎలా మార్చాలి నాన్నా?"

చెప్పాను. సీటు అడుగుదాకా దించాను. తూలుతూ, కాళ్ళు సరిగ్గా అందక, ఆఫీసు చొక్కాతో వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగాడు. ఇక రాడే! కోచ్ గారు గడియారం చూసుకున్నారు.  వాడికి బ్రేకులు ఎక్కడుంటాయో చెప్పానా లేదా అని ఆలోచిస్తున్నాను.

వచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు. దిగీ దిగకుండానే, "వెనక బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతోంది. పెద్ద గేరులో చైను గొణుగుతోంది. మిగతాదంతా మెత్తగా ఉంది" అన్నాడు. ఆ మాటలు నేను వాడికి ఎప్పుడూ నేర్పలేదు. కొనేవాళ్ళతో నేను మాట్లాడుతుంటే తలుపు వెనకాల హోంవర్కు చేసుకుంటూ విన్నాడు కాబోలు.

తర్వాత బండి నాకు అందిస్తూ, "ఇది నాకు పెద్దది నాన్నా. నాకు సరిపోయేది ఎలా ఉంటుంది?" అన్నాడు.

ఎంతమందికో కొలతలు తీశాను అమ్మాయీ. ఇంట్లో ఉన్నవాడి కొలత ఎప్పుడూ తీయలేదు. వాడు అడగలేదని నేను, నేను పిలవలేదని వాడు. ఇంటికొచ్చాక గోడకు నిలబెట్టి తీశాను. కాళ్ళు అచ్చం నావే.

బ్రేకు సరిచేయించి, బండిని విప్పి పెట్టెలో సర్ది పంపుతున్నాను. అక్కడ ఎలా బిగించాలో కాగితం లోపల పెట్టాను. నిన్ను ఈ ఇంటికి పంపిన ఆ ఎర్ర బండికి నేను రుణపడి ఉన్నాను. అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో, చల్లగా ఉండాలి.

మామయ్య

*

హాస్టలు

మామయ్యా,

తొందరలో రాస్తున్నాను. ఆకుపచ్చ బండి బిగించాం. నిచ్చెన ఎక్కింది. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు. హాస్టలు చుట్టూ తిరుగుతూనే ఉంది, భోజనానికి పిలిచినా దిగలేదు. "ఎవరో నన్ను మనసులో చూసుకుని చేసినట్టుంది" అని మీకు రాయమంది. నేను రాయాల్సిన మాటే అది.

మీ అబ్బాయి ఫోనులో చైన్ల గురించి ఉపన్యాసం ఇచ్చాడు. రాంగ్ నంబరేమో అనుకున్నాను.

నిన్న రెండు గొట్టాలు అతికించాను. మాస్టారు ముక్క తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు. నేను డబ్బా చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆయన దాన్ని వేడి పెట్టెలో, అందరి ముక్కల పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

మీ కోడలు

*

ఇల్లు

అమ్మాయీ,

నీ ముక్క వేడి పెట్టెకు చేరినందుకు మీ అత్తయ్య వీధి మొత్తానికీ చెప్పింది. వేడి పెట్టె అంటే ఏమిటని ఎవరో అడిగితే, అదొక పెద్ద పదవి అన్నట్టు మొహం పెట్టింది.

మావాడికి బండి చూడ్డానికి ముగ్గురం ఒక ఇంటికి వెళ్ళాం. ఆ ఇంటావిడ ఈత నేర్పే టీచరు, నడుం నొప్పితో మానేసింది. మావాడి బండి కుదిరింది. వస్తూ వస్తూ షెడ్డులో ఒక మూల ఇంకేదో చూశాను. నేలకు జానెడు ఎత్తులో కుర్చీలాంటి సీటు, ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు చాపి తొక్కాలి. పడడానికి ఎత్తే లేదు.

నేను చూసి చూడనట్టు వచ్చేస్తున్నాను. ముసలాళ్ళ బండి అనిపించింది, నిజం చెబుతున్నాను. మీ అత్తయ్య ఆగిపోయింది. "కూర్చోండి, నేను చూస్తాను" అంది. ఇన్నేళ్ళలో ఒక్క బండి దగ్గర కూడా ఆవిడ ఆ మాట అనలేదు.

కూర్చున్నాను. నెమ్మదిగా కాలు కదిపాను. వీధి చివర మలుపు దగ్గర రోడ్డు లేస్తుందని హ్యాండిళ్ళు గట్టిగా పట్టుకున్నాను. లేవలేదు. తల కొంచెం తూలింది, బండి తూలలేదు. మొహానికి గాలి తగిలింది తల్లీ. ఇన్ని నెలల తర్వాత. మలుపు అవతల కాసేపు ఆగాను, కళ్ళు తుడుచుకోవాలి కదా. మలుపులోంచి తిరిగొచ్చేసరికి మీ అత్తయ్య వీధి మధ్యలో నిలబడి ఉంది. మావాడు ఆవిడ పక్కన ఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు.

నువ్వు ఆ రోజు రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని చదవకపోతే నేను ఇప్పటికీ వరండాలోనే కూర్చుని ఉండేవాణ్ణి. 

ఆ మూడు చక్రాలదీ కొనేశాం. అది మెట్ల కింద పట్టలేదు. హాల్లో పెట్టాం.

మామయ్య

కోడలు పిల్లకు అత్తయ్య రాయునది. ఉత్తరం అంటించకుండా వదిలేసి గేటు దగ్గరికి వెళ్ళారు కాబట్టి చదివాను. ఆయన రాయని సంగతి ఒకటుంది. ఈ మూడు చక్రాలది కొని నెల కూడా కాలేదు, వెనక చక్రం బరువుగా ఉందట, ఇంతకంటే తేలికైనది ఎవరి దగ్గరో ఉందట. దీన్ని కొనడానికి రేపు ఒకాయన వస్తున్నాడు. కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు. మీ ఆయన బండి తీసి గేటు దగ్గర నిలబడ్డాడు, మీ మామయ్య నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ కొత్తది చూడ్డానికి నేనూ వెళుతున్నాను, ఉంటాను.